కొల్లేటికి ఏ కెమెరా? – ఎంపికకు ముందు కొంత చరిత్ర

పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో కెమెరాను బీరువాలో పెట్టి మరచిపోయినవారు మళ్ళీ దాని జోలికి వచ్చినప్పుడు మొట్టమొదట వేసే ప్రశ్న ఒకటే: ఇప్పుడు ఏది కొనాలి? ఉద్యోగం, సంసారం, పిల్లల చదువులు ఒక గట్టుకు చేరాక ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో స్థిరపడిన మధ్యవయస్కులకు ఈ కోరిక పుట్టడం సహజం. తమ్మిలేరు దాటి కొంతదూరం వెళితే చాలు, కొల్లేరు. శీతకాలం వచ్చిందంటే పరజలూ, నత్తగుల్ల కొంగలూ, నీటికాకులూ, గూడబాతులూ తమంతట తామే వచ్చి ఎదురుగా నిలబడతాయి. చూసే కన్ను ఉంది, చూడవలసినది ఉంది. మధ్యలో ఉండవలసిన యంత్రమేదో తేలక చాలామంది ఆగిపోతారు.

ఈ ప్రశ్నకు ఒక కెమెరా పేరు చెప్పి ఊరుకోవచ్చు. ఆ జవాబు రెండేళ్ళకు పాతబడుతుంది. అలాకాక, గత డెబ్బయ్యేళ్ళలో మన ప్రాంతంవారి చేతికి ఏ కెమెరాలు వచ్చాయి, అవి ఏమి చూడగలిగాయి, ఏమి చూడలేకపోయాయి, ఎవరి లెన్సులు తరాలు దాటి పనికివచ్చాయి, ఎవరివి నడిమధ్యలో అనాథలయ్యాయి అని పరిశీలిస్తే, అంత త్వరగా పాతబడని జవాబొకటి దొరుకుతుందని నా నమ్మకం. కాబట్టి ఇందులో ధరల పట్టిక ఉండదు, చరిత్ర ఉంటుంది. చరిత్ర చివర ఒక సలహా ఉంటుంది.

ఎంపిక అన్నది లేని కాలం

మన పెద్దలు కెమెరాను ఎంచుకున్నారనడం అతిశయోక్తి. దొరికినదాన్ని తీసుకున్నారు. విదేశీ మారకద్రవ్యం కొరతవల్ల 1950ల ద్వితీయార్ధం నుండి దిగుమతులపై ఆంక్షలు బిగుసుకున్నాయి. కెమెరా అన్నది బియ్యమూ కాదు, మందూ కాదు, విలాసవస్తువు. దాని మీద సుంకమూ ఆ లెక్కనే పడింది. 1991 ఆర్థిక సంస్కరణల తరవాతనే ఆ ముడి మెల్లమెల్లగా సడలింది.

ఆ నడుమ కాలంలో మధ్యతరగతి ఇళ్ళకు చేరిన కెమెరాలు వేళ్ళమీద లెక్కించదగినవి. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్-3 వాటిలో అగ్రగణ్యం. 120 రీలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు వచ్చేవి. ఫోకసు తిప్పే పని లేదు, లెన్సు మార్చే వీలు లేదు. సూర్యుణ్ణి వీపున పెట్టుకొని మనుషుల్ని ఎదుట నిలబెట్టి మీట నొక్కడమే. స్టూడియోల వారి మెడలో వేలాడినది జంటకన్నుల కెమెరా: జర్మనీ రోలైకార్డ్, జపాను యాషికా-మాట్, సోవియట్ లూబిటెల్. పై కన్నుతో చూసి కింది కన్నుతో తీసే ఆ పెట్టెలోకి తలవంచి చూస్తూ పెళ్ళిపందిట్లో తిరిగే ఫొటోగ్రాఫరును ఆ తరంవారు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. దానికీ సాధారణంగా లెన్సు మార్చే వీలు లేదు.

ఇక లెన్సు విప్పి వేరొకటి బిగించే వీలున్నవి మూడో తెగ. మనతో రూపాయల్లో వర్తకం సాగించిన సోషలిస్టు దేశాలవైన జెనిట్, ప్రాక్టికా కొన్ని. గల్ఫు నుండో అమెరికా నుండో బంధువుల పెట్టెల్లో దిగిన యాషికాలు, పెంటాక్స్ కె1000లు, నికాన్‌లు కొన్ని. వీలు ఉన్నదే కానీ రెండో లెన్సు ఉన్న ఇల్లు అరుదు. జెనిట్ కొన్నవాడికి దానితోబాటు వచ్చిన 58 మి.మీ. హీలియోస్ లెన్సే ఆద్యంతం. 1980లలో హాట్‌షాట్ వచ్చి బొమ్మ తీయడాన్ని మరీ సులువు చేసింది. చేయి తిరిగినవాడు కూడా చేయగలిగిందేమీ లేకుండా చేసింది.

ఫిల్ము సంగతీ ఇంతే. ఊటీలో 1960లో నెలకొల్పిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరిట నలుపు-తెలుపు ఫిల్మును దేశానికంతటికీ అందించింది. రీలు కొనడం ఒక ఖర్చు, కడిగించడం మరొక ఖర్చు, ప్రింటు వేయించడం మూడో ఖర్చు. ముప్పై ఆరు బొమ్మల రీలు సంక్రాంతికి మొదలై ఉగాదికి అయ్యేది. అందుచేత మన ఆల్బముల్లో ఉన్నవన్నీ దగ్గరగా నిలబడ్డ మనుషులే. అన్నప్రాశన, ఓణీల వేడుక, పెళ్ళి, షష్టిపూర్తి. ఆ బొమ్మల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కెమెరా దేనికి చాలునో దానికే వాడారు.

ఒక మిల్లీమీటరు గూడబాతు

ఆ కెమెరాలకు కొల్లేరు ఎందుకు చిక్కలేదో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. వస్తువు పొడవును లెన్సు నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే ఫిల్ముమీద పడే ప్రతిబింబం పొడవు వస్తుంది. గూడబాతు పెద్ద పక్షి. ముక్కు కొస నుండి తోక దాకా సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న దాన్ని జెనిట్ 58 మి.మీ. లెన్సుతో తీస్తే ఫిల్ముమీద 0.8 మి.మీ. ప్రతిబింబం పడుతుంది. ఆ ఫిల్ము చట్రం వెడల్పు 36 మి.మీ. పోస్టుకార్డంత ప్రింటు వేయిస్తే ఆ పక్షి బియ్యపుగింజకన్న చిన్నది. దాన్ని 400 మి.మీ. లెన్సుతో తీస్తే 5.6 మి.మీ. వస్తుంది. అప్పుడది పక్షిలా కనిపిస్తుంది.

దూరాన్ని దగ్గర చేసే లెన్సు అప్పటికి లోకంలో లేక కాదు. ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథే, స్టైన్‌హైల్ 1891లోనే ఎవరికివారుగా టెలిఫొటో లెన్సులు రూపొందించారు. సలీం అలీతో కలిసి మన దేశంలో పక్షులను చిత్రించిన సింగపూరు సంపన్నుడు లోక్ వాన్ థో వంటివారికి ఉత్తమమైన పరికరాలు అందుబాటులో ఉండేవి. అవి లేనివారు ఉపాయం వెదుక్కున్నారు. మద్రాసు ప్రకృతివేత్త ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేరు కెమెరాల, లెన్సుల భాగాలను కూర్చి తానే ఒక బృహద్యంత్రాన్ని తయారుచేసుకొని, దానికి సరదాగా 'సూపర్ పాండరోసా' అని పేరుపెట్టుకున్నారు. ఏనుగులనూ అడవి జంతువులనూ నలుపు-తెలుపుల్లో ఆయన పట్టినది దానితోనే. అమ్మే వ్యవస్థల్లో తనకు కావలసినది లేనప్పుడు తన విషయానికి తగిన వ్యవస్థను కట్టుకున్న మనిషి ఆయన. విషయం ముందు, యంత్రం తరవాత అన్న ఆ వరస మనం గుర్తుంచుకోదగినది.

ఈ లెక్కకు మన ప్రాంతం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల మహాస్థావరం ఒకటి ఉన్నదని 1946లో కనుగొని పక్షిశాస్త్రలోకానికి తెలియజేసినవారు కె. కె. నీలకంఠన్. ఇందుచూడన్ అనే కలంపేరుతో కేరళ పక్షులపై 1958లో ప్రసిద్ధ గ్రంథం రాసింది ఆయనే. వేల సంఖ్యలో గూడబాతులు ఊరి చెట్లమీద గూళ్ళు కట్టి, కొల్లేటి చేపలతో పిల్లల్ని సాకిన చోటది. 1970ల నడిమికి ఆ స్థావరం ఖాళీ అయింది. చెట్లు పోయాయి, సరస్సు స్వరూపం మారింది, పక్షులు చెదిరిపోయాయి. ముప్పయ్యేళ్ళపాటు ఆ చెట్ల కింద జనం కాపురాలు చేశారు, పెళ్ళిళ్ళు జరిగాయి, పెళ్ళి ఫొటోలూ తీశారు. ఆ ఫొటోల్లో గూడబాతు కోసం వెదికితే దొరకడం దుర్లభం. దొరికినా ఆకాశంలో ఒక చుక్కగానే దొరుకుతుంది. ఆ పక్షుల చరిత్ర ఒక శాస్త్రపత్రిక పుటల్లో ఇంగ్లీషు అక్షరాలుగా మిగిలింది. వాటితో కలిసి బతికినవారి ఇళ్ళలో బొమ్మగా మిగలలేదు.

ఇప్పుడు గూడబాతులు తిరిగి వచ్చాయి. కైకలూరు చేరువన ఆటపాకలో అటవీశాఖ పాతించిన ఇనుప స్టాండ్లమీద గూళ్ళు కడుతున్నాయి. కెమెరాను వదిలి తిరిగి వచ్చినవాడికీ, కొల్లేటిని వదిలి తిరిగి వచ్చిన పక్షికీ ఇది రెండో అవకాశం. మొదటిసారి జారవిడిచినదాన్ని ఈసారి పట్టుకోవడమెలా అన్నదే ఈ ఎంపికలో అసలు ప్రశ్న.

మౌంటు అనే మాట నిలబెట్టుకోవడం

కెమెరాకూ లెన్సుకూ మధ్య ఉండే లోహపు వలయాన్ని మౌంటు అంటారు. కొనేవాడు సాధారణంగా కెమెరాను చూస్తాడు; నిజానికి అతడు చేరుతున్నది ఒక మౌంటులో. అది ఒక విధంగా వియ్యమందడం వంటిది. పిల్ల నచ్చితే చాలదు, కుటుంబం ఎటువంటిదో విచారించాలి.

మొదటి పెద్దకుటుంబం ఎం42 మరమౌంటు. 1949లో కాంటాక్స్-ఎస్ తో వెలుగుచూసి, ప్రాక్టికా, పెంటాక్స్, జెనిట్ వంటివన్నీ పంచుకొన్నది. ఒకరి లెన్సు మరొకరి కెమెరాకు బిగిసేది. పెంటాక్స్ 1975లో దాన్ని వదిలి కె-మౌంటుకు మారింది. ఆ కె-మౌంటు నేటికీ జీవించి ఉంది. 1976లో వచ్చిన కె1000కు కొన్న లెన్సును 2021లో వచ్చిన కె-3 మార్క్ 3కి తగిలించి బొమ్మ తీయవచ్చు.

నికాన్ 1959లో ఎఫ్-మౌంటు పెట్టింది. 1977లో కాంతిమాపకం కోసం, 1986లో స్వయంచాలక ఫోకసు కోసం లోపల మార్పులు చేసినా వలయాన్ని మాత్రం మార్చలేదు. ఇది సుగుణమే. దీనికి కొంత వెల కూడా ఉన్నది. ఫోకసు తిప్పే మోటారును మొదట్లో లెన్సులో కాక కెమెరాలో పెట్టడంచేత, 2006లో వచ్చిన డి40 వంటి మోటారులేని కెమెరాలకు ఆ పాత లెన్సులు తగిలిస్తే చేత్తో ఫోకసు తిప్పుకోవలసి వచ్చింది. 2018లో నికాన్ జడ్-మౌంటుకు మారి, దానితోబాటే తెచ్చిన ఎడాప్టరులోనూ ఆ మోటారు లేదు. వలయం సరిపోయినా లోపలి మాట సరిపోలేదు.

కానన్ దారి వేరు. 1987లో ఉన్నట్టుండి తన ఎఫ్‌డి మౌంటును వదిలిపెట్టి, ఈఎఫ్ అనే కొత్త మౌంటు తెచ్చింది. అప్పటిదాకా ఎఫ్‌డి లెన్సులు కూడబెట్టినవారికి అది పిడుగుపాటే. అయితే కొత్త మౌంటులో ప్రతి లెన్సుకూ సొంత మోటారు పెట్టి, సంకేతాలన్నీ విద్యుత్తుతో నడిపింది. ఫలితంగా 2018లో ఆర్ఎఫ్ మౌంటు వచ్చినప్పుడు 1987 నాటి ఈఎఫ్ లెన్సు కూడా ఎడాప్టరుతో స్వయంచాలక ఫోకసు సహితంగా పనిచేసింది. ఒకసారి నిర్దయగా కోసినవాడు తరవాత ముప్పయ్యేళ్ళు మాట నిలబెట్టుకున్నాడన్నమాట.

మధ్యలో మునిగినవారూ ఉన్నారు. 1985లో స్వయంచాలక ఫోకసును లోకానికి అలవాటుచేసిన మినోల్టా, కోనికాతో కలిసి, 2006లో ఈ రంగం నుండే తప్పుకొంది. ఆ కుటుంబాన్ని సోనీ దత్తు తీసుకొన్నా, చివరకు తన శక్తినంతా వేరే మౌంటుకు మళ్ళించింది. శాంసంగ్ 2010లో ఎన్ఎక్స్ వ్యవస్థ తెచ్చి కొద్ది ఏళ్ళకే చేతులు దులుపుకొంది. కానన్ 2012లో తెచ్చిన ఈఓఎస్ ఎం వ్యవస్థకు 2023లో తెరపడింది. ఒలింపస్ తన కెమెరా వ్యాపారాన్ని 2021లో వేరొకరికి అప్పగించింది. కాని మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంటు 2008 నుండి పానసోనిక్ తో ఉమ్మడిసొత్తు కావడంచేత అక్కడి లెన్సులు అనాథలు కాలేదు.

ఈ కథలన్నింటి సారం ఒకటే. పెద్దపేరు రక్ష కాదు, కొత్తదనం రక్ష కాదు. తిరిగి వచ్చేవాడు విచారించవలసినవి రెండు: ఈ మౌంటుకు లెన్సులు తయారుచేసేవారు ఒకరికి మించి ఉన్నారా? పాత లెన్సులు కలవారి పట్ల ఈ సంస్థ గతంలో ఎలా ప్రవర్తించింది?

కెమెరా చచ్చిపోతుంది, లెన్సు మిగులుతుంది

ఫిల్ము రోజుల్లో కెమెరా ఒక చీకటి డబ్బా. బొమ్మ నాణ్యతను నిర్ణయించేవి లెన్సూ ఫిల్మూ. 1976 నాటి కె1000లో సరికొత్త ఫిల్ము వేస్తే బొమ్మ సరికొత్తగానే వచ్చేది. డిజిటల్ వచ్చి ఫిల్మును డబ్బాలోనే అతికించేసింది. 2003లో కానన్ 300డి, 2004లో నికాన్ డి70 ఆరు మెగాపిక్సెళ్ళతో సామాన్యుడికి చేరువ అయినప్పుడు అందరం అబ్బురపడ్డాం. ఈనాడు వాటిని ఉచితంగా ఇచ్చినా పుచ్చుకొనేవారు తక్కువ. కాని ఆ ఏడాది కొన్న మంచి లెన్సు ఈనాటికీ మంచి లెన్సే. కాబట్టి చేతిలో ఉన్న సొమ్ములో పెద్దభాగం లెన్సుకూ, చిన్నభాగం కెమెరాకూ కేటాయించడం చరిత్ర నేర్పిన పద్ధతి. దుకాణాలు నేర్పేది దీనికి తలకిందులు.

బీరువాలో పాత లెన్సులున్నవారు వాటిని పారేయనక్కరలేదు. అద్దంలేని నేటి కెమెరాలు లెన్సుకూ సెన్సరుకూ మధ్య దూరాన్ని బాగా తగ్గించడంచేత, ఎం42, కె, ఎఫ్, ఎఫ్‌డి లెన్సులన్నీ చౌక ఎడాప్టర్లతో వాటికి బిగుస్తాయి. ఫోకసు చేత్తో తిప్పుకోవాలి, అంతే. కొంగ ధ్యానంలో ఉన్నప్పుడు అదేమీ కష్టం కాదు; లకుముకిపిట్ట నీటిలోకి దూకేటప్పుడు అసాధ్యం.

అయితే డెల్టా వాతావరణంలో పాత లెన్సుకు ఒక శత్రువు ఉంది: బూజు. ఏడాదిలో సగంనాళ్ళు తేమ తగలని చోటు మన ఇళ్ళలో ఉండదు. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం ఈ మూడూ కలిస్తే గాజుమీద సాలెగూడు వంటి పోగులు పాకుతాయి. భద్రమనుకొని వాడిన తోలు ఒర తేమను పీల్చుకొని మరింత చేటు చేస్తుంది. పాత లెన్సు వాడబోయే ముందు ఒకవైపు నుండి టార్చి వేసి మరొకవైపు నుండి ఏటవాలుగా చూడాలి. పోగులు కనిపిస్తే దాన్ని మంచి లెన్సుల పక్కన పెట్టకూడదు. శుభ్రంగా ఉన్నవాటిని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, ఆ పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టుకోవాలి. అన్నిటికన్న మంచి మందు తరచుగా వాడటం. వెలుతురు చూసిన లెన్సుకు బూజు తక్కువ.

దూరం, వెలుతురు, బరువు

ఇక ఎంపిక. కొల్లేటిలో పడవమీద పోతున్నారనుకోండి. గూడబాతు యాభై మీటర్లలో ఉంటే 400 మి.మీ. లెన్సు దాన్ని 11 మి.మీ. చేస్తుంది, 24 మి.మీ. ఎత్తున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సరులో అది దాదాపు సగం. పదిహేడు సెంటీమీటర్ల చిన్న లకుముకిపిట్టను ఇరవై మీటర్లలో అదే లెన్సుతో పడితే 3.4 మి.మీ. మాత్రమే. దీన్నిబట్టి కొల్లేటికి 400 మి.మీ. ప్రవేశరుసుము వంటిది, 600 సౌకర్యం.

రెండోది బరువు. పడవలో స్టాండు నిలపడం నిరర్థకం. పడవే కదులుతుంటే దానిమీద మూడుకాళ్ళు పాతి ప్రయోజనం లేదు. చేత్తోనే పట్టుకోవాలి. సోనీ 200–600 మి.మీ. లెన్సు రెండు కిలోలు దాటుతుంది. నికాన్ ఎఫ్-మౌంటు 200–500 మి.మీ. లెన్సు సుమారు 2.3 కిలోలు. రెండూ ఉత్తమమైనవే. అర్ధగంట ఎత్తి పట్టుకున్నాక యాభై దాటిన భుజం ఏమంటుందో కొనకముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కానన్ ఆర్ఎఫ్ 100–400 మి.మీ. లెన్సు 635 గ్రాములు. మైక్రో ఫోర్ థర్డ్స్ లో సెన్సరు చిన్నది కాబట్టి 300 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్ 600 మి.మీ. చూపునిస్తుంది, ఒలింపస్ 75–300 మి.మీ. లెన్సు అర్ధకిలోకన్న తక్కువ.

మూడోది వెలుతురు. తేలికదనం ఊరికే రాదు. ఆ తేలిక లెన్సులు తక్కువ కాంతిని లోనికి రానిస్తాయి. శీతకాలపు వేకువను మంచు విడవకముందు బరువైన లెన్సుకు తేలిక లెన్సుపై ఉన్న ఆధిక్యం స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ ఎక్కాక ఆ తేడా తగ్గుతుంది. కాని అప్పటికి నీటిమీద ఆవిరి చలించి, వందమీటర్ల అవతలున్నదంతా వణకడం మొదలవుతుంది. ఆ వణుకును పోగొట్టే లెన్సును ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. దగ్గరకు వెళ్ళడం, పొద్దున్నే వెళ్ళడం, ఈ రెండూ డబ్బుతో కొనలేని లెన్సులు.

సొమ్ము పరిమితంగా ఉన్నవారికి మరొక మార్గం పాత డీఎస్ఎల్ఆర్. కానన్, నికాన్‌లు 2020 తరవాత తమ దృష్టినంతా అద్దంలేని కెమెరాలమీద పెట్టడంతో, పాతవాటి ధరలు దిగివచ్చాయి. కానన్ ఈఎఫ్ 400 మి.మీ. ఎఫ్/5.6 వంటి 1993 నాటి లెన్సు ఈనాటికీ పదునైనది. రేపు ఆర్ఎఫ్ కెమెరా కొన్నా దానికీ పనికివస్తుంది. తిరిగి వచ్చేవాడికి తన ఉత్సాహం ఎన్నాళ్ళుంటుందో తనకే తెలియదు. ఒక శీతకాలం పాతదానితో గడిపి, అప్పటికీ కాలు నిలవకపోతే పెద్దదాని మాట ఆలోచించవచ్చు.

పొడుగు లెన్సు దాచేది

ఇంతవరకు చెప్పినది చాలామంది చెప్పేదే. చెప్పనిది ఒకటి ఉంది.

400 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై అడ్డంగా చూసేది అయిదు డిగ్రీలు మాత్రమే. యాభై మీటర్లలో అది నాలుగున్నర మీటర్ల వెడల్పు. ఆ నాలుగున్నర మీటర్లలో గూడబాతు ఉంటుంది, దాని నోట చేప ఉంటుంది, వెనక మసకబారిన పచ్చదనం ఉంటుంది. పక్కనున్న చేపలచెరువు గట్టు ఉండదు. గట్టుమీది దాణా బస్తాలు ఉండవు. గుర్రపుడెక్క కమ్మిన కాలువ ఉండదు. జాలరి ఉండడు, అతడి దోనె ఉండదు. ఇనుప స్టాండును కూడా చట్రంలోంచి తప్పించి తీసేవారున్నారు. అటువంటి బొమ్మలు వంద చూసినవాడికి కొల్లేరు నిర్మలమైన అరణ్యసరస్సు అన్న భ్రమ కలుగుతుంది. అందమైన బొమ్మ అబద్ధం చెప్పకపోవచ్చు. సగం నిజం చెప్పి ఊరుకుంటుంది.

మిగతా సగం నిజం ఇది. కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు నీళ్ళను పట్టి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి వదిలే ఈ సరస్సు 1970ల నుండి చేపలచెరువులుగా ముక్కలవుతూ వచ్చింది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రాంసార్ జాబితాలో 901 చదరపు కిలోమీటర్లతో చోటు దక్కింది. 2004లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ ఛాయాచిత్రాలను పరిశీలించి, కొల్లేరు అదృశ్యమవుతున్నదని 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. 2005–06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు పేల్చారు, చెరువులు కొట్టారు. ఆ గట్లమీద బతికినవారికి ఉపాధి పోయింది, సరస్సుకు కొంత ఊపిరి వచ్చింది. ఎవరిది న్యాయమన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

గమనించండి: ఈ వాదంలో సాక్ష్యం చెప్పింది ఆకాశం నుండి తీసిన బొమ్మ. నేలమీద నిలబడినవాడు తీసిన బొమ్మ కాదు. కొల్లేరు పేరు మనకు పాతదే. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలోని కునాల జలాలు ఇవేనని చరిత్రకారుల అభిప్రాయం. శాసనంలో మాటకు చోటు దొరికి పధ్నాలుగు శతాబ్దాలు కావస్తున్నా, ఒకే గట్టుమీద నిలబడి ఏటేటా తీసిన పది బొమ్మల వరుస మనవద్ద కనబడడం అరుదు.

సాక్ష్యపు బొమ్మకు ఎంత ఆయుష్షు ఉంటుందో ఒక్క ఉదాహరణ. 1858లో లినియస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. కళాఖండాలు సృష్టిద్దామని కాదు. ఉన్నదున్నట్టు నమోదు చేయడానికి. ఆనాటి బరువైన కెమెరాతో తీసిన ఆ సాదా బొమ్మలను పరిశోధకులు ఈనాటికీ చూస్తూనే ఉన్నారు. ఆ తరవాత శిల్పాలు చోటు మారాయి. బొమ్మల్లో అవి ఆనాడు ఉన్నట్టే ఉన్నాయి.

కాబట్టి పొడుగు లెన్సు కొన్న ప్రతివారూ దానితోబాటు ఒక పొట్టి లెన్సు కూడా సంచిలో వేసుకోవాలని నా మనవి. 24 మి.మీ. లెన్సు డెబ్బైనాలుగు డిగ్రీలు చూస్తుంది. పక్షి, స్టాండు, గట్టు, చెరువు, దోనె, మనిషి అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఏ వ్యవస్థలోనైనా కెమెరాతో వచ్చే చిన్న జూము చాలు. అదీ లేకపోతే చేతిలోని ఫోనే చాలు. కొల్లేటికోటకు పోయే దారిలోనో, ఆటపాక కట్టమీదనో, ఉప్పుటేటి వంతెన దగ్గరనో మీకు వీలైన ఒక చోటు ఎన్నుకోండి. ఏడాదికి నాలుగుసార్లు, అదే చోట నిలబడి, అదే దిక్కుకు, అదే లెన్సుతో ఒక్క బొమ్మ తీయండి. తేదీ, చోటు, నీటిమట్టం రాసిపెట్టండి. పది పక్షి బొమ్మలకు ఒక చోటు బొమ్మ. ఈ దామాషా తప్పకుంటే చాలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు. ముందు చోటును ఎంచుకోండి. ఆ చోటు అడిగే దూరాన్నిబట్టి లెన్సును ఎంచుకోండి. ఆ లెన్సు దొరికే మౌంటులో, గతంలో మాట నిలబెట్టుకున్న కుటుంబాన్ని ఎంచుకోండి. మీ భుజం మోయగలిగినంత బరువు దగ్గర ఆగండి. మిగిలిన సొమ్ముతో కెమెరా కొనండి. అది పాతదైనా ఫరవాలేదు. ఆరేడు చెట్లమీది గూడబాతుల కింద నిలబడిన తరానికి క్లిక్-3 తప్ప మరొకటి లేదు. వారు ఏ బొమ్మ మిగల్చలేదని అడిగే హక్కు మనకు లేదు. మన చేతికి అన్నీ వచ్చాయి కనుక, మన తరవాతివారు మనల్ని అడుగుతారు.